పంచాయతీ వాహనమునకు మైనపు పూత: ఏది కొనవలెను, ఎట్లు పూయవలెను?

గ్రామ పంచాయతీ సమావేశములలో ట్రాక్టరు ప్రస్తావన వచ్చినప్పుడు డీసెలు ఖర్చు, డ్రైవరు జీతము, టైర్లు, బ్యాటరీ, ఇన్సూరెన్సు, వీనిని గురించి చర్చ జరుగుట సహజము. వాహనముపై నున్న రంగును గురించి మాత్రము ఎవ్వరును మాటాడరు. రంగు అందమునకే గదా యను భావము మనలో పాతుకొని యున్నది. నిజమునకు ఇనుపరేకునకు రంగే వస్త్రము, రంగే గొడుగు. ఆ గొడుగునకు చిల్లి పడిన నాటినుండి తుప్పు తన పని తాను చేసికొని పోవును. బానెట్టు పాలిపోయి, మడ్‌గార్డులు తుప్పుపట్టిన ట్రాక్టరును అమ్మదలచినప్పుడు, ఇంజను ఎంత బాగున్నను, కొనువాడు ముందుగా చూచునది పైరేకునే. అందువలన కలుగు నష్టము ఒక వ్యక్తిది గాదు, ఊరందరిది.

తెలంగాణములో 2019 సెప్టెంబరులో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమము క్రింద ఆనాడున్న 12,769 గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీటి ట్యాంకరు సమకూర్చు పని చేపట్టబడెను. పెక్కు పంచాయతీలు వానిని వాయిదాల పద్ధతిపై కొనినవి. ఆంధ్రప్రదేశములోని పంచాయతీలలో చెత్త సేకరణకు ఆటోలును, మూడు చక్రముల బండ్లును తిరుగుచున్నవి. వీనిలో షెడ్డు నీడ నెరిగిన వాహనములు తక్కువ. చాలవరకు పంచాయతీ కార్యాలయము ముందరనో, వేపచెట్టు క్రిందనో ఎండకెండి వానకు తడియుచుండును. ఇట్టి వాహనమును కాపాడు నెపముతో పట్టణములోని దుకాణదారులు రకరకముల డబ్బాలను, వేలకు వేలు ఖరీదు చేయు పూతలను చూపుచున్నారు. వీనిలో ఏది పంచాయతీకి తగినది, ఏది కాదు అను విషయమును ఇచ్చట వివరింపబూనితిమి. ఏ కంపెనీ పేరును మేము చెప్పబోము. సరకు గుణమును తెలిసికొనినచో పేరు తానే దొరకును.

ముందుగా రంగు ఎట్లుండునో చూతము. కారు, జీపు మొదలగు వాహనములకు కార్ఖానాలో రేకుపై తుప్పును ఆపు పూత, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటికిని పైన క్లియర్ కోటు అనబడు పారదర్శకమైన పొర వేయుదురు. ఇవి యన్నియు కలిపి సుమారు 100 నుండి 150 మైక్రానులు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. క్లియర్ కోటు ఒక్కటే 40 మైక్రానుల ప్రాంతమున నుండును. మన తలవెంట్రుక మందము 70 మైక్రానుల ప్రాంతముననే యుండును గనుక, క్లియర్ కోటు వెంట్రుక కంటెను పలుచన. చాల ట్రాక్టర్లకు ఈ క్లియర్ కోటు ఉండదు. ఉన్నది రంగు పొర యొక్కటే. అదే అందము, అదే రక్షణ.

మీ వాహనము ఏ జాతిదో తెలిసికొనుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. తెల్లని మెత్తని గుడ్డపై కొంచెము పాలిషు వేసి, వెలిసిన చోట మెల్లగా రుద్దవలెను. గుడ్డకు ఎఱుపో నీలమో అంటినచో అది క్లియర్ కోటు లేని రంగు. అంటనిచో పైన పారదర్శకమైన పొర యున్నదని గ్రహింపవలెను. ఎఱ్ఱని ట్రాక్టరు కొన్ని వేసవులు గడచునప్పటికి గులాబి వన్నెకు దిగి, చేయి ఆనించినచో సుద్దపొడి వంటిది వచ్చుటను మీరు చూచియుందురు. రంగులోని జిగురు పదార్థము ఎండకు చితికిపోగా వర్ణద్రవ్యము పొడిగా బయటపడుటచే అట్లగుచున్నది. దీనిని మైనము నయము చేయలేదు. నయము చేయునది కొద్దిపాటి పాలిషు. తిరిగి రాకుండ ఆలస్యము చేయునది మాత్రమే మైనము.

ఎండ తరువాతి శత్రువు నీరు. వినుటకిది వింతగా నుండవచ్చును. వాననీటికంటె బోరునీరే ఇందు ఎక్కువ చెరుపు చేయును. చవుడు నేలల ఊళ్ళలో బోరునీటితో బండి కడిగి ఎండలో వదలినచో నీరు ఆవిరియై, అందలి సున్నపు లవణములు తెల్లని చుక్కలుగా మిగులును. వానిని నాడే తుడిచినచో పోవును. నెలల తరబడి వదలినచో రంగులోనికి కొరికి, ఎంత రుద్దినను పోని మచ్చలగును. పక్షుల రెట్టలు, చెట్ల జిగురు, పురుగుల కళేబరములు గూడ ఇట్లే రంగును తినివేయును. నీడకొఱకు చెట్టు క్రింద నిలుపుట మంచిదేగాని, కొంగలు, కాకులు గూళ్ళు కట్టిన చెట్టయినచో ఆ నీడకు వెల చెల్లింపవలసియుండును.

పంచాయతీ వాహనమునకు ఇంటి కారునకు లేని మరియొక గండము కలదు. అది మోయునది బ్లీచింగు పౌడరు, సున్నము, చెత్త. తడిచెత్తనుండి కారు రసము పులిసినది, ఆమ్లగుణము కలది. బ్లీచింగు పౌడరు తేమ తగిలినప్పుడు క్లోరినును వదలి, రంగు తెగిన చోట ఇనుమును వేగముగా తుప్పుపట్టించును. బస్తా పగిలి మడ్‌గార్డుపై పడిన పొడిని సాయంకాలమునకు కడిగివేయుట ఏ మైనమునకును తీసిపోని రక్షణ. ఇచ్చట ఒక హెచ్చరిక. నీటిచుక్కల మచ్చలకు వెనిగరు నీళ్ళు కలిపి వాడుట మంచి పద్ధతియే. కాని బ్లీచింగు పొడి అంటియున్న చోట వెనిగరు గాని, మరే ఆమ్లము గాని తగులరాదు. విషవాయువగు క్లోరిను పుట్టును. ముందు మంచి నీటితో పొడినంతటిని కడిగివేయవలెను. ఈ సంగతిని బండి కడుగు పనివారికి సభ్యులు స్వయముగా చెప్పుట అవసరము. వారికి చేతి తొడుగులు ఇచ్చుటయు అంతే అవసరము.

బాపట్ల, మచిలీపట్నము, ఉప్పాడ వంటి తీరప్రాంతములలో గాలియే ఉప్పగా నుండును. చేపల చెరువుల నడుమ తిరుగు బండ్ల సంగతి చెప్పనక్కరలేదు. ఉప్పు గాలిలోని తేమను పట్టియుంచును గనుక గీత పడిన చోటెల్ల తుప్పు త్వరగా పాకును. అచ్చట వారమునకొకసారి మంచినీటితో, ముఖ్యముగా బండి అడుగుభాగమును, కడిగించవలెను. పైపూత దాని తరువాతి మాట.

ఇక మైనము చేయు పనియేమి? అది రంగుపై మైక్రానుకంటెను పలుచనైన పొరగా నిలిచి నీటిని నిలువనీయదు. మురికిని గట్టిగా అంటుకొననీయదు. రెట్టయు, జిగురును మొదట తన్నే తినునట్లు చేసి, మనకు కడుగుకొను వ్యవధి నిచ్చును. తామరాకుపై నీటిబొట్టు ఎట్లు జారునో, మైనము పూసిన రేకుపై నీరు అట్లు జారును. ఇంతకుమించి ఆశింపరాదు. ఇంత పలుచని పొర సూర్యకిరణములను ఆపునది స్వల్పము. డబ్బాపై ఎండనుండి సంపూర్ణ రక్షణ యని వ్రాసియున్నచో దానిని పూర్తిగా నమ్మనక్కరలేదు. రాళ్ళ దెబ్బలను, ముళ్ళకంప గీతలను అది ఆపదు. తుప్పు పట్టిన చోట పూసినచో తుప్పును మెరిపించునేగాని మాన్పదు.

దుకాణములో మొదట కనబడునది కార్నూబా మైనము. ఈ పేరు ఒక చెట్టుది. బ్రెజిలు దేశపు ఈశాన్యమున సియరా, పియావీ, రియో గ్రాండే దో నోర్తె అను రాష్ట్రములలో పెరుగు తాటిజాతి వృక్షమది. మన తాటిచెట్టువలెనే విసనకఱ్ఱ ఆకులు కలది. ఆ ప్రాంతము వానలు తక్కువైన మెట్టభూమి. ఆకులోని తేమ ఎండకు పోకుండ చెట్టు తన ఆకులపై మైనపు పొడిని స్రవించును. వానలు లేని కాలమున అచ్చటి కూలీలు ఆకులు కోసి ఎండబెట్టి, కొట్టి ఆ పొడిని రాల్చి, కరగించి వడకట్టుదురు. లేత ఆకులనుండి పసుపుపచ్చని మేలురకము లభించును. మందు బిళ్ళలకును, మిఠాయిలకును పైన కనబడు నిగారింపునకు కూడ ఈ మైనమునే వాడుట కలదు. ఎండనుండి తన తేమను కాపాడుకొనుటకు ఒక చెట్టు చేసికొనిన ఏర్పాటును మనుష్యుడు తన బండికి వాడుకొనుచున్నాడు.

కార్నూబా చాల గట్టిది. తేనెమైనము 62 నుండి 64 డిగ్రీల వేడికి కరగగా, కార్నూబా 82 నుండి 86 డిగ్రీల వరకు నిలుచును. రెంటచింతల, రామగుండము, కొత్తగూడెము ప్రాంతములలో గాలివేడియే 45 డిగ్రీలు దాటు దినములుండును. అట్టి మధ్యాహ్నమున ముదురురంగు రేకు 70 డిగ్రీలకు చేరుట వింత గాదు. ఊరిలో తేనెమైనము దొరకునుగదా, అది పూయరాదా యని కొందరడుగుదురు. ఆ వేడికి అది మెత్తబడి దుమ్మును పట్టుకొనును గనుక మేము సలహా ఈయజాలము. కార్నూబా కరగదుగాని మన ఎండకు, దుమ్ముకు, కడుగులకు ఎక్కువ కాలము ఆగదు. కొన్ని వారములు, మహా అయినచో రెండు నెలలు. డబ్బాపై నూటికి నూరుపాళ్ళు కార్నూబా యని వ్రాసియున్నను మోసపోరాదు. శుద్ధమైన కార్నూబా రాయివలె నుండి గుడ్డకు రాదు. దానిని ద్రావకములతోను, నూనెలతోను కలిపియే లేపనముగా చేయుదురు. ఆ మాటకు అర్థము అందున్న మైనము మాత్రము కార్నూబాయేనని.

రెండవ రకము సీలెంటు. ఇది చెట్టునుండి గాక రసాయన కర్మాగారమునుండి వచ్చినది. సిలికోను జాతి పదార్థములును, ఇతర కృత్రిమ పాలిమర్లును కలిపి రంగును పట్టుకొనునట్లు చేసినది. మైనము రంగుపై ఊరక పఱచుకొనును. సీలెంటు కొంత గట్టిగా పట్టుకొనును. కావున నాలుగు నుండి ఆరు నెలల వరకు పనిచేయుట కలదు. మెఱుపులో కార్నూబా ఒక పాలు ఎక్కువ యని కార్లు ముద్దుచేయువారు చెప్పుదురు. చెత్తబండికి ఆ ఒక పాలు మెఱుపుతో పనిలేదు. ఈ మధ్య సిలికా కలిపి చిమ్ముడు సీసాలలో వచ్చుచున్న ద్రవములు గూడ ఈ జాతిలోనివే. తడి బండిపై చిమ్మి తుడుచుట సులభమేగాని, మొదటి పొరగా సీలెంటు వేసి, నడుమ నడుమ బలము చేకూర్చుటకు వానిని వాడుట మేలు.

టెఫ్లాను కోటింగు అనుమాట షోరూములలో మిక్కిలి వినబడును. పెనముపై టెఫ్లాను నిలుచుటకు కారణము దానిని అధికమైన వేడిలో కరగించి అతికించుట. టెఫ్లాను కరగుటకు 327 డిగ్రీలు కావలెను. అంత వేడికి బండి రంగు మాడిపోవును. కావున బండిపై చేతితో రుద్ది టెఫ్లాను వేసితిమనునది, పేరు ఏదైనను, గుణమున ఒక సీలెంటు వంటిదే. సీలెంటు ధరకు ఇచ్చినచో తీసికొనవచ్చును. దానికి పదింతలు ఈయనక్కరలేదు.

సిరామిక్ కోటింగు సంగతి వేరు. అది సరిగా వేసినచో గట్టిపడి సంవత్సరము మొదలు కొన్ని సంవత్సరములు నిలుచునది. ఇందు అసత్యము లేదు. కాని దానిని వేయుటకు ముందు రంగును సంపూర్ణముగా పాలిషు పట్టి, జిడ్డు తీసి, దుమ్ములేని గదిలో వేయవలెను. ఖర్చులో అధికభాగము ఆ కూలికే. కాఠిన్యము 9హెచ్ అని గొప్పగా చెప్పుదురు. అది పెన్సిళ్ళతో గీచి చూచు పరీక్షలోని మెట్టు. వజ్రమునకును దానికిని సంబంధము లేదు. పార తగిలినను, ట్రాలీ కొక్కెము గీచినను ఆ పూత నిలువజాలదు. అట్టిదానిని చెత్తమోయు ట్రాక్టరునకు వేయింపదలచు తీర్మానము మీ సభకు వచ్చినచో, సభ్యులు నిస్సంకోచముగా కాదనవచ్చునని మా అభిప్రాయము. ఆ సొమ్ముతో రేకుల షెడ్డులో సగమైనను లేచును. షెడ్డు నీడను మించిన సీలెంటు ఇంతవరకు ఏ కంపెనీయు చేయలేదు.

మరియొక పొరపాటు పేర్లలో నున్నది. పాలిషు వేరు, మైనము వేరు. పాలిషులోను, రబ్బింగ్ కాంపౌండులోను గరుకుపొడి యుండి రంగును సన్నగా గీకివేయును. అందుచే మచ్చలు పోయి మెఱుపు వచ్చును. మైనము, సీలెంటు దేనిని గీకవు. కాని దుకాణములలో అన్నిటిని పాలిషు అనియే పిలుచుట అలవాటు. నెలనెల పాలిషు పట్టించుచున్నాము గనుక రంగు భద్రమని తలచువారు నెలనెల రంగును అరగదీయుచున్నారన్నమాట. క్లియర్ కోటు వెంట్రుకకంటె పలుచనయని పైన చెప్పితిమి. డబ్బా వెనుక సన్నని అక్షరములలో అబ్రేసివ్ లేక కాంపౌండు అను మాట, లేక గీతలు తొలగించునను వాగ్దానము కనబడినచో అందు గరుకుపొడి యున్నదని భావించుడు. క్లీనర్ వ్యాక్సు అనునది రెంటికి నడిమిరకము. కొద్దిగా వెలిసిన ట్రాక్టరునకు సంవత్సరమునకొకసారి అది పనికివచ్చును.

ఇన్ని చెప్పిన పిమ్మట ఎంపిక కష్టము గాదు. పంచాయతీ ట్రాక్టరునకు, జీపునకు గరుకుపొడి లేని ద్రవరూప సీలెంటు తగినది. కొన్ని వందల రూపాయలలో దొరకును. ఒక్కొక్కసారి వాడునది కొద్దియే గనుక సీసా చాలనాళ్ళు వచ్చును. అది దొరకని పక్షమున ఏదేని మామూలు కార్నూబా లేపనమును తెచ్చి రెండు నెలలకొకసారి పూసినను సరిపోవును. రెంటిలో ఏది మేలన్న వాదముతో ఆరునెలలు గడపుటకంటె ఏదో యొకటి పూయుట మేలు.

అమ్మకపువారి మాట నమ్మవలెనో వద్దో తేల్చుకొనుటకు సభ్యులే చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదము. మిక్కిలి చిన్న సీసా నొకదానిని కొనుడు. బానెట్టు నడుమ కాగితపు టేపు అంటించి, ఎడమసగమునకు మాత్రము పూసి, కుడిసగమును వదలుడు. బండి లాగ్‌బుక్కులో తేదీ వ్రాయుడు. నెలకొకసారి, బండి కడిగిన తరువాత, రెండు వైపులను చెంబెడు నీరు పోసి చూడుడు. పూత యున్నవైపు నీరు ముత్యములవలె గుండ్రముగా నిలిచి జారిపోవును. పూత లేనివైపు పల్చగా పఱచుకొని నిలుచును. రెండువైపుల ఒకేరీతిగా పఱచుకొనిన నాడు ఆ పూత ఆయుర్దాయము తీరినట్లు. మూడు నెలలు చెప్పి మూడు వారములు నిలిచినచో ఆ సరకును మరల కొననక్కరలేదు. ఈ పరీక్షకు నిపుణులు అవసరము లేదు. వార్డు సభ్యులందరును చూడగలరు.

మన డ్రైవర్లలో ఒక అలవాటున్నది. పండుగకో, మంత్రిగారు వచ్చుచున్నారనియో డీసెలు గాని కిరసనాయిలు గాని గుడ్డపై పోసి బండినంతటిని తుడుచుదురు. అప్పటికప్పుడు తళతళలాడును. సాయంకాలమునకు ఊరి దుమ్మంతయు దానిపై చేరును. ఆ నూనె ఉన్న మైనమును కరగించి తీసివేయును. టైర్లకు, రబ్బరు గొట్టములకు తగిలినచో అవి ఉబ్బి చెడును. కొబ్బరినూనె అంత చెరుపు చేయదుగాని దుమ్మును పట్టుటలో దానికి తీసిపోదు. డ్రైవరును మందలించి లాభము లేదు. అతడు బండి బాగుండవలెనను ఆశతోనే చేయుచున్నాడు. చేతికి మంచి సరకిచ్చినచో అదే శ్రద్ధతో దానిని వాడును.

పూతకంటె ముందు కడుగుట. మా పర్యటనలలో చూచిన మేరకు, రంగుపై గీతలలో చాలభాగము ముళ్ళకంపవలన గాక, కడుగు గుడ్డవలననే పడుచున్నవి. ఇసుక అంటిన రేకును ఎండుగుడ్డతో తుడుచుట గరుకుకాగితముతో రుద్దుటయే. మొదట గొట్టముతో నీరు పోసి మట్టిని జార్చవలెను. ఒక బకెట్టులో బండ్లకు వాడు షాంపూ నీరు, రెండవదానిలో గుడ్డ ఝాడించుటకు మంచినీరు ఉంచుకొనవలెను. పైనుండి క్రిందికి కడుగవలెను. చక్రములకు వాడిన గుడ్డ బానెట్టును తాకరాదు. బట్టల సబ్బుపొడి చౌకయేగాని దాని క్షారము మైనమును ఊడ్చివేయును. పాతపూత తీసివేయదలచినప్పుడు మాత్రము అది ఉపయోగము. ఈ పని ఉదయముననో, ఎండ వాలిన తరువాతనో నీడలో చేయవలెను. కడిగినవెంటనే మెత్తని మైక్రోఫైబరు గుడ్డతో తడి ఒత్తవలెను. బోరునీటి ఊళ్ళలో ఈ చివరిది మరువరాదు.

తడి ఆరిన రేకుపై పలుచని ప్లాస్టిక్ సంచిని చేతికి తొడుగుకొని నిమురుడు. ఇసుకవలె తగిలినచో సిమెంటు దుమ్మో, తారుచుక్కలో అంటియున్నవని అర్థము. తారును దాని ద్రావకముతోను, మిగిలినవానిని ఇందులకై అమ్ము క్లే అను బంకముద్దను సబ్బునీటితో తడిపి జార్చుచును తీయవచ్చును. ట్రాక్టరునకు ఇంత శ్రమ ఏటికొక్కసారి చాలును.

తరువాత సీలెంటును చిన్న స్పాంజిపై రూపాయి బిళ్ళంత వేసి, ఒకసారికి బానెట్టులో సగము చొప్పున పూయుడు. ఎంత పలుచనగా పూసిన అంత మంచిది. మందముగా పూసినచో ఎక్కువ నాళ్ళుండుననుట భ్రమ. అదనపు సరకంతయు తుడుపు గుడ్డలోనికే పోవును. చేయి కాలు రేకుపై పూయరాదు. డబ్బాపై చెప్పిన వ్యవధి ఆగి, తెల్లని పొగమంచువలె కనబడిన పిదప శుభ్రమైన గుడ్డతో తుడుచుడు. నల్లని ప్లాస్టిక్ భాగములకు, రబ్బరునకు అంటినచో తెల్లని చారలు మిగులును. ముందుగా టేపు వేయుట సులభము. బ్రేకు భాగములకు, డ్రైవరు కాలు మోపు మెట్టుకు, పెడళ్ళకు పూయరాదు. కాలు జారును. ఇద్దరు పనివారికి ఇది ఒక పూట పని. దానిని వారి పనిగంటలలోనే చేయించవలెనుగాని సెలవునాటి వెట్టిగా మార్చరాదు.

కాలమెప్పుడు? రోహిణి కార్తె ఎండలకు ముందు ఒకసారి పూసినచో అది ఎండను, ఆ వెంటవచ్చు మృగశిర వానలను గూడ ఎదుర్కొనును. వానలు వెనుదీసిన తరువాత రెండవసారి. దసరా ఆయుధపూజకు బండిని ఎట్లును కడుగుదుము. పూజకు రెండు దినములు ముందుగా పూత వేసినచో బొట్లు పెట్టిన పసుపు, కుంకుమ రంగులోనికి ఇంకక తేలికగా పోవును. కుంకుమలో కలిపిన కృత్రిమ రంగులు తెల్లని బండ్లపై వదలని మరకలు చేయుటను చూచుచునే యున్నాము. పూజానంతరము మరునాడు కడిగించుట మరువవద్దు.

ట్రాలీ లోపలిభాగమునకు మైనము వ్యర్థము. పారలు, రాళ్ళు దానిని ఒక్క దినములో తీసివేయును. అచ్చట తుప్పును ఇనుపబ్రష్షుతోను, గరుకుకాగితముతోను మెరయు ఇనుము కనబడువరకు గీకి, రెడ్ ఆక్సైడు ప్రైమరు వేసి, ఆరిన పిదప రంగు వేయుటయే మార్గము. గీతలు చిన్నవిగా నున్నప్పుడే ఈ పని చేయవలెను. త్రాగునీటి ట్యాంకరు లోపల మైనము గాని, సీలెంటు గాని, మామూలు రంగు గాని ఎన్నడును తగులరాదు. త్రాగునీటికి యోగ్యమని ధ్రువపడిన పూత మాత్రమే అచ్చట వాడవలెను. వెలుపలిభాగమునకు సీలెంటు పూయుట యుక్తమే. నీరు పొర్లి కారు వాహనము గనుక దానికే ఎక్కువ అవసరము.

పెయింటరు వద్దకు బండిని పంపునప్పుడు, దీనికి సీలెంటు పూసియున్నదని తప్పక చెప్పుడు. సిలికోను మిగిలిన రేకుపై కొత్త రంగు వేసినచో రంగు పట్టక చేపకన్నులవంటి గుంటలు పడును. అతడు ముందుగా ద్రావకముతో తుడిచి తీసికొనును. అట్లే పెయింటింగు షాపులో కొత్తగా వేసిన రంగుపై నెల, రెండు నెలల వరకు ఏ పూతయు వేయరాదు. లోపలి ద్రావకము పూర్తిగా ఆరుటకు అంత వ్యవధి కావలెను. కార్ఖానానుండి వచ్చిన కొత్త బండికి ఈ నిరీక్షణ లేదు.

కొన్న సీసాను, గుడ్డలను స్టాకు రిజిస్టరులో చేర్చి, పూసిన తేదీని లాగ్‌బుక్కులో వ్రాయించవలెను. ఆడిటు కొఱకు మాత్రమే గాదు, తరువాతి పూత ఎప్పుడో తెలియుటకు గూడ ఆ తేదీయే ఆధారము. ఈ సరకులలో చాలవానియందు మండు ద్రావకములుండును గనుక పొయ్యికి, పిల్లలకు దూరముగా, నీడగల గదిలో మూత బిగించి ఉంచవలెను. పూతకు వాడిన గుడ్డలను ఇంజను నూనె తుడుచు గుడ్డలతో కలుపక వేరుగా ఉదికి ఆరవేయుడు. సీసా మూతపై దానిని తెరచిన నెలను, సంవత్సరమును పెన్నుతో వ్రాసియుంచుడు.